ఒకే నోటు మీద ఆరుగురు: ఘనాలో తిరిగి వచ్చాక

ఆక్రాలో విమానం దిగిన చోటే ఘనా చరిత్రలోని పెద్ద తగువు ఎదురవుతుంది. మేం వెళ్లిన 2025 జనవరిలో ఆ విమానాశ్రయం పేరు కొటోకా. ఇమాన్యుయేల్ కొటోకా అనే సైనికాధికారి, దేశానికి స్వాతంత్ర్యం తెచ్చిన క్వామే ఎన్‌క్రుమాను 1966 ఫిబ్రవరి 24న గద్దె దించినవాళ్లలో ముఖ్యుడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మరికొందరు అధికారులు ఇంకో తిరుగుబాటు చేయబోయి విఫలమయ్యారు. ఆ గొడవలో కొటోకాను చంపేశారు. తర్వాత విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. అక్కడి నుంచి కారెక్కి ఊళ్లోకి వెళ్తే సముద్రం వైపు ఎన్‌క్రుమా సమాధి. దించినవాడి పేరు మీద దిగి, దిగిపోయినవాడికి దండం పెట్టడానికి వెళ్లాలన్నమాట. ఈ రెండూ ఒకే ఊళ్లో ఎలా ఇముడుతున్నాయన్న ప్రశ్న నన్ను ప్రయాణమంతా వదల్లేదు.

మా బావమరిది ఆక్రా పక్కనున్న రేవు పట్టణం టెమాలో ఒక ఫ్యాక్టరీలో ఇంజినీరు. "బావా, ఎన్నికలు అయిపోయాయి, కొత్త ప్రభుత్వం వచ్చింది, ఇప్పుడొస్తే మాట్లాడటానికి మనుషులు దొరుకుతారు" అని పిలిచాడు. అది హర్మతాన్ కాలం. సహారా నుంచి వీచే పొడిగాలికి ఆకాశం పాలిపోయి, సన్నటి దుమ్ము పెదాల మీద కూడా పేరుకుంటుంది. సముద్రం ఒడ్డునే ఉన్నా గొంతు ఆరిపోతూ ఉంటుంది.

ఎన్‌క్రుమా స్మారక వనం ఒకప్పుడు తెల్లవాళ్లు పోలో ఆడుకున్న మైదానం. 1957 మార్చి 6 అర్ధరాత్రి ఎన్‌క్రుమా అక్కడే నిలబడి గోల్డ్ కోస్ట్ ఇక స్వతంత్ర ఘనా అని ప్రకటించాడు. సహారాకు దిగువన వలస పాలన నుంచి బయటపడిన ఆఫ్రికా దేశాల్లో అది మొదటిది. ఆఫ్రికా మొత్తం విముక్తి కాకపోతే మా స్వాతంత్ర్యానికి అర్థం లేదని ఆ రాత్రే అన్నాడు. ఇప్పుడక్కడ చెయ్యి ముందుకు చాపి నడుస్తున్నట్టున్న పెద్ద కంచు విగ్రహం ఉంది. కాస్త పక్కగా, తల లేని మరో విగ్రహం ఉంది. 1966లో జనం పడగొట్టింది అదే. దాని పక్కనే వేరే దిమ్మ మీద ఆ తల. అన్నేళ్లూ ఎవరో దాచి ఉంచి, 2009లో ప్రభుత్వానికి అప్పగించారని ఫలకం మీద రాసి ఉంది. తల దొరికింది కదా, అతికించి నిలబెట్టొచ్చు. వాళ్లు ఆ పని చేయలేదు. విరిగింది విరిగినట్టే పెట్టారు. నేను చూసిన స్మారకాల్లో ఇంత నిజాయితీ ఉన్నది ఇంకోటి లేదు.

ఆయన శవానికి కూడా ఒక చోట నిలకడ దొరకలేదు. తిరుగుబాటు జరిగిన రోజుల్లో ఎన్‌క్రుమా వియత్నాం యుద్ధం ఆపే ప్రయత్నంలో హనోయికి బయలుదేరి చైనాలో ఉన్నాడు. మళ్లీ సొంత దేశంలో కాలు పెట్టలేదు. గినీ అధ్యక్షుడు సెకూ టూరే ఆశ్రయమిచ్చాడు. 1972లో రుమేనియాలోని బుఖారెస్ట్‌లో చనిపోతే ముందు గినీలో, తర్వాత సొంతూరు ఎన్‌క్రోఫుల్‌లో ఖననం చేసి, చివరికి 1992లో ఈ పోలో మైదానానికి తెచ్చారు.

సాయంత్రం వాక్యే తింటున్నాం. బొబ్బర్లు, బియ్యం కలిపి వండి, పైన ఎర్రటి కారపు పులుసూ షిటో అనే నల్లటి ఎండుచేపల కారమూ వేసి ఇస్తారు. మన నోటికి ఏ ఇబ్బందీ ఉండదు. డబ్బులిస్తూ మా బావమరిది ఇరవై సెడీల నోటు నా ముందు పెట్టాడు. "ఈ ఆరుగురినీ చూడు బావా. బిగ్ సిక్స్ అంటారు. ఈయన ఎన్‌క్రుమా. ఈయన డాంక్వా. ఈయన్ని జైల్లో పెట్టింది ఆయనే."

జె.బి. డాంక్వా లాయరు, పండితుడు. దేశానికి ఘనా అనే ప్రాచీన సామ్రాజ్యం పేరు పెట్టాలన్నవాళ్లలో ముందున్నవాడు. 1947లో పార్టీ పనులు చూసుకోవడానికి లండన్ నుంచి ఎన్‌క్రుమాను పిలిపించింది డాంక్వా బృందమే. ఆయన పేరు సూచించిన అకో-అజెయ్ కూడా ఈ నోటు మీద ఉన్నాడు. 1948లో బ్రిటిష్‌వాళ్లు ఆరుగురినీ కలిపి అరెస్టు చేశారు. తర్వాత దారులు వేరయ్యాయి. 1958లో ఎన్‌క్రుమా ప్రభుత్వం విచారణ లేకుండా నిర్బంధించే చట్టం తెచ్చింది. 1964లో దేశాన్ని ఏకపార్టీ రాజ్యం చేసింది. 1965 ఫిబ్రవరి 4న డాంక్వా ఎన్సావమ్ జైల్లో చనిపోయాడు. ఒబెట్సెబి-లాంప్టీ నిర్బంధంలోనే కన్నుమూశాడు. అకో-అజెయ్ ఏళ్ల తరబడి జైల్లో ఉండి, తిరుగుబాటు తర్వాతే బయటికొచ్చాడు. మరొకాయన ఎడ్వర్డ్ అకూఫో-అడ్డో 1970లో అధ్యక్షుడయ్యాడు, కొడుకు నానా అకూఫో-అడ్డో 2017 నుంచి మేం వెళ్లిన నెల మొదటి వారం వరకూ అధ్యక్షుడు. జైలుకు పంపినవాడూ జైల్లో పోయినవాడూ పక్కపక్కనే ఉన్న ఈ కాగితాన్ని కూరగాయల మనిషీ, ట్రోట్రో వ్యాను కండక్టరూ రోజూ చేతులు మార్చుకుంటున్నారు.

అలాగని అంతా సర్దుకుపోయారనుకోవద్దు. పార్టీ మారితే పండుగ తేదీ కూడా మారుతుంది. ఎన్‌క్రుమా పుట్టిన సెప్టెంబరు 21ని జాతి నిర్మాత దినంగా ఒక ప్రభుత్వం పెట్టింది. నిర్మాత ఒక్కడు కాదు, ఎందరో ఉన్నారంటూ అకూఫో-అడ్డో ప్రభుత్వం దాన్ని ఆగస్టు 4కి మార్చింది. ఆ తేదీనే 1947లో డాంక్వా వాళ్ల పార్టీ పుట్టింది. మేం వచ్చేశాక 2025లోనే కొత్త ప్రభుత్వం మళ్లీ సెప్టెంబరు 21కి తెచ్చింది. తగువు బతికే ఉంది. కాకపోతే ఇప్పుడు చట్టసభలో, రేడియోలో జరుగుతోంది. రేడియో మాట ఎందుకంటే, పొద్దున్నే ట్రోట్రో ఎక్కితే డ్రైవరు పెట్టేది పాటలు కాదు, ట్వీ భాషలో రాజకీయ చర్చ. ప్రయాణికులు రేడియోకి ఎదురు సమాధానం చెబుతూ ఉంటారు.

ఆ 1948 అరెస్టుల వెనక ఒక కథ ఉంది, అది మనవైపు కూడా తాకుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో గోల్డ్ కోస్ట్ సైనికులు బ్రిటిష్‌వాళ్ల తరఫున బర్మాలో, అరకాన్ అడవుల్లో జపాన్ మీద పోరాడారు. ఇంటికొచ్చాక ఇస్తామన్న పింఛన్లు, ఉద్యోగాలు రాలేదు. 1948 ఫిబ్రవరి 28న ఆ మాజీ సైనికులు గవర్నరుకు అర్జీ ఇవ్వడానికి ఆయుధాల్లేకుండా క్రిస్టియన్స్‌బోర్గ్ కోట వైపు నడిచారు. దారిలో పోలీసులు ఆపారు. ఇమ్రే అనే తెల్ల అధికారి కాల్చాడు. సార్జెంట్ అజెటీ, కార్పొరల్ అటిపో, ప్రైవేట్ ఒడార్టీ లాంప్టీ ముగ్గురూ అక్కడే పడిపోయారు. ఊరు మండింది. స్వాతంత్ర్యానికి దారి అక్కడే తెరుచుకుంది. ఆక్రాలో సైనిక ప్రధాన కేంద్రం పేరు ఇప్పటికీ బర్మా క్యాంప్. ఆ బోర్డు చూడగానే విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు గుర్తొచ్చింది. 1942లో జపాన్ రాగానే రంగూన్ వదిలి, అదే అరకాన్ దారుల్లో నడిచి వచ్చిన తెలుగు కుటుంబాలున్నాయి. మనవాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని వదిలొచ్చిన అడవుల్లోకి ఆ తర్వాత రెండేళ్లకు ఈ మనుషుల్ని పంపారు. కాల్పులు జరిగిన కూడలిలో వాళ్ల స్మారకం దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను.

కేప్ కోస్ట్ గురించి తక్కువగా రాయడం కష్టం, ఎక్కువగా రాయడం ఇంకా కష్టం. సముద్రానికి ఆనుకుని తెల్లసున్నం వేసిన కోట. ఎండలో చూస్తే అందంగా ఉంటుంది. 1877లో రాజధానిని ఆక్రాకు మార్చేదాకా బ్రిటిష్ పాలన ఇక్కడి నుంచే సాగింది. బానిసలుగా ఓడలెక్కించేముందు మగ బందీల్ని ఉంచిన నేలమాళిగలోకి ఏటవాలు దారి ఉంది. లోపల గాలికి ఎక్కడో పైన చిన్న కన్నాలు. సరిగ్గా దాని పైనే ప్రార్థన మందిరం కట్టుకున్నారు. కింద గొలుసుల చప్పుడు, పైన కీర్తనలు. గైడ్ ఒక్క నిమిషం దీపం ఆర్పేశాడు. మా గుంపులో అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి కుటుంబం ఉంది. వాళ్లలో పెద్దావిడ గోడకు చెయ్యి ఆనించి ఏడుస్తుంటే ఎవరూ కదల్లేదు.

సముద్రంలోకి తెరుచుకునే తలుపు మీద 'డోర్ ఆఫ్ నో రిటర్న్' అని ఉంటుంది. దాటితే ఇప్పుడు జాలర్ల పడవలు, వలలు బాగుచేసుకునే మగవాళ్లు, చేపల గంపలెత్తుకున్న ఆడవాళ్లు. వెనక్కి తిరిగి చూస్తే అదే తలుపు అవతలి వైపున, తిరిగొచ్చేవాళ్ల కోసం 'డోర్ ఆఫ్ రిటర్న్' అని రాసి ఉంది.

గైడ్ ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాడు. లోపలి ప్రాంతాల్లో యుద్ధాలు చేసి బందీల్ని పట్టుకుని తీరానికి తోలుకొచ్చి అమ్మినవాళ్లలో ఆఫ్రికా రాజ్యాలూ ఉన్నాయి, అసాంటే రాజ్యం అందులో పెద్దది. కొన్నవాళ్ల నేరం దానివల్ల వీసమంత కూడా తగ్గదు. కోట గోడ మీది ఫలకంలో, ఇలాంటి అన్యాయం మళ్లీ జరగనివ్వమన్న ప్రతిన ఉంది. సొంత పూర్వీకుల పాపాన్ని బయటివాళ్ల ముందు ఒప్పుకోవడానికి గుండె కావాలి.

అసాంటే రాజధాని కుమాసికి వెళ్లే దారిలో అసిన్ మాన్సో వస్తుంది. వందల మైళ్లు నడిపించి తెచ్చిన బందీలకు తీరం చేరేముందు ఆఖరి స్నానం చేయించిన ఏరు అక్కడే ఉంది, వెదురు పొదల మధ్య సన్నగా పారుతూ. ఇంకొంచెం ముందుకెళ్తే ప్రా నది వంతెన. నీళ్లు నీళ్లలా లేవు, చిక్కటి టీ రంగులో బురద. కారణం గాలమ్సే. అనుమతి లేని బంగారం తవ్వకాన్ని అలా అంటారు. ఆఫ్రికాలో ఎక్కువ బంగారం తీసే దేశం ఘనా. కోకోలో ఐవరీ కోస్ట్ తర్వాతి స్థానం. ఇప్పుడు ఒక పంట రెండో పంటను తినేస్తోంది. కోకో తోటల్ని తవ్వకాలకు అమ్ముకుంటున్నారు, పాదరసం ఏటిలో కలుస్తోంది. గత ప్రభుత్వం ఓడిపోవడానికి ఇదొక కారణమని మాకు కారు నడిపిన పెద్దాయన అన్నాడు. కొత్త ప్రభుత్వం ఆపుతుందా అంటే తల అడ్డంగా ఊపాడు. "తవ్వేవాళ్లు రెండు పార్టీల్లోనూ ఉన్నారు" అన్నాడు.

కుమాసిలో మాన్హియా ప్యాలెస్ మ్యూజియం చూడకుండా రాకూడదు. 1874లో బ్రిటిష్ సైన్యం కుమాసిని తగలబెట్టి రాజుగారి బంగారాన్ని దోచుకుపోయింది. 1896లో రాజు ప్రెంపేను పట్టుకుని, చివరికి సేషెల్స్ దీవులకు పంపారు. 1900లో గవర్నరు వచ్చి జాతి ప్రాణంలా చూసుకునే స్వర్ణ పీఠం తెచ్చివ్వమంటే, ఎజిసు రాజమాత యా అసాంటెవా యుద్ధానికి దిగింది. ఆవిడనూ సేషెల్స్‌కే పంపారు, 1921లో అక్కడే పోయింది. పీఠం మాత్రం వాళ్లకు దొరకలేదు. 1924లో ప్రెంపే తిరిగొచ్చాక బ్రిటిష్‌వాళ్లు కట్టించిన ఇల్లే ఇప్పటి మ్యూజియం. దాని ఖర్చు మొత్తం అసాంటే ప్రజలు చెల్లించాకే ఆయన అందులోకి వెళ్లారని చెబుతారు.

ఆ గదుల్లో మేం చూసిన బంగారు వస్తువుల్లో చాలావరకు లండన్ నుంచి వచ్చినవి. 2024లో బ్రిటిష్ మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం కలిసి 32 వస్తువులు పంపాయి. తిరిగివ్వలేదు, మూడేళ్లకు అరువిచ్చాయి. తమ చట్టం ఒప్పుకోదన్నారు. అదే ఏడాది అమెరికాలోని ఫౌలర్ మ్యూజియం ఏడు వస్తువుల్ని శాశ్వతంగా ఇచ్చేసింది. దోచుకున్న సొత్తును సొంతదారుకే గడువు పెట్టి అరువివ్వడం అన్యాయం. దానికి మర్యాదైన పేరు పెట్టడం నాకు చేతకాదు. కోహినూర్ సంగతి తెలిసిన మనకు వాళ్ల కడుపుమంట వేరే వివరించక్కర్లేదు.

అకొసొంబో ఆనకట్ట ఒక పూట చూశాం. వోల్టా నది మీద 1965లో పూర్తయింది. వెనక ఉన్న సరస్సు ఎనిమిదిన్నర వేల చదరపు కిలోమీటర్లు. దాదాపు 80,000 మంది ఊళ్లు వదిలారు. ముంపు గ్రామాల బాధ శ్రీశైలం, పోలవరం చూసిన తెలుగువాళ్లకు కొత్త కాదు. ఎన్‌క్రుమా 1966 జనవరిలో దాన్ని ప్రారంభించాడు, మరుసటి నెలలోనే పదవి పోయింది. కోకో ధర పడిపోయింది, అప్పులు పెరిగాయి, జైళ్లు నిండాయి. అయినా ఆ టర్బైన్లు ఈ రోజుకీ దేశానికి వెలుగిస్తున్నాయి. ఆయన్ని తలుచుకునేటప్పుడు జైళ్లూ టర్బైన్లూ రెండూ గుర్తుండాలి.

లెగోన్‌లో ఘనా విశ్వవిద్యాలయానికి వెళ్లడం భారతీయుడిగా నాకు తప్పనిసరి అనిపించింది. 2016లో ప్రణబ్ ముఖర్జీ వచ్చి అక్కడ గాంధీ విగ్రహం ఆవిష్కరించారు. దక్షిణాఫ్రికాలో ఉన్న తొలి రోజుల్లో గాంధీ నల్లవాళ్లను కించపరుస్తూ రాసిన మాటల్ని ఎత్తిచూపి అధ్యాపకులూ విద్యార్థులూ ఉద్యమం చేశారు. 2018 డిసెంబరులో తీసేశారు. విరిగిన విగ్రహాన్ని కూడా దాచుకునేవాళ్లు దీన్నెందుకు తీశారని క్యాంపస్‌లో ఒక చరిత్ర విద్యార్థిని అడిగాను. "అంకుల్, ఎన్‌క్రుమా మా ఇంటివాడు, ఆయన మంచీ చెడూ మేమే మోస్తాం. ఇది మమ్మల్ని అడగకుండా తెచ్చి పెట్టారు" అన్నాడు. గాంధీ తర్వాత మారాడనీ, ఎన్‌క్రుమా స్వయంగా ఆయన అహింసా మార్గాన్ని గౌరవించి నడిచాడనీ చెప్పాను. విన్నాడు, ఒప్పుకోలేదు. ఆ అబ్బాయి మాటలో న్యాయముంది. గాంధీ అన్న మాటలూ నిజమే, అవి తగిలిన మనుషుల మనవలే అక్కడ చదువుకుంటున్నారు.

సుప్రీంకోర్టు ముందు ముగ్గురు న్యాయమూర్తుల స్మారకం ఉంది. 1979లో ఫ్లైట్ లెఫ్టినెంట్ జెర్రీ రాలింగ్స్ మొదటిసారి అధికారంలోకి వచ్చినప్పుడు అచాంపాంగ్, అఫ్రిఫా, అకుఫో అనే ముగ్గురు మాజీ పాలకుల్ని టెషీలో కాల్చి చంపారు. 1981 చివరి రోజున రాలింగ్స్ మళ్లీ వచ్చాడు. 1982 జూన్ 30 రాత్రి కర్ఫ్యూ వేళ, సార్కోడీ, సెసీలియా కొరాంటెంగ్-అడ్డౌ, అజెపాంగ్ అనే న్యాయమూర్తుల్నీ ఒక రిటైర్డ్ మేజరునూ ఇళ్ల నుంచి ఎత్తుకుపోయి చంపారు. సెసీలియా అప్పటికి పాలిచ్చే తల్లి. రాలింగ్స్ పాలకమండలిలో సభ్యుడైన ఒకడు దోషిగా తేలి మరణశిక్ష పొందాడు. ఇంత నెత్తురు చూసిన దేశం అదే రాలింగ్స్ హయాంలో 1992లో రాజ్యాంగం రాసుకుంది. ఆయన రెండుసార్లు ఎన్నికల్లో గెలిచి, గడువు తీరగానే 2001 జనవరిలో ప్రతిపక్ష నేత కుఫూర్‌కు కుర్చీ అప్పగించి ఇంటికెళ్లాడు. అప్పటి నుంచి రెండు పెద్ద పార్టీలూ ఎనిమిదేళ్లకోసారి తారుమారవుతున్నాయి. ఇది రాలింగ్స్ గొప్పతనమని కొందరంటారు. నేను అలా అనుకోను. వదలకపోతే జనం ఊరుకోరన్న స్థితి అప్పటికే వచ్చింది.

ఆ స్థితి ఎలా నిలబడిందో మా బావమరిది ఫ్యాక్టరీలో స్టోర్సు చూసే ఆయన వివరించాడు. డిసెంబరు 7 ఎన్నికల్లో ఆయన అప్పటి అధికార పార్టీ ఎన్‌పీపీ తరఫున ఏజెంటుగా కూర్చున్నాడు. అక్కడ కాగితం బ్యాలెట్టు, దాని మీద వేలిముద్ర. సాయంత్రం అయిదుకు పోలింగ్ ఆగగానే పెట్టెను ఎక్కడికీ తీసుకెళ్లరు. అందరి ముందు అక్కడే విప్పి, ఒక్కో కాగితం పైకెత్తి చూపిస్తూ లెక్కపెడతారు. చుట్టూ జనం నిలబడి గొంతు కలిపి అంకెలు పలుకుతారు. లెక్క ఒక ఫారంలో రాసి అన్ని పార్టీల ఏజెంట్లూ సంతకం చేస్తారు, తలా ఒక కాపీ. దాన్నే పింక్ షీట్ అంటారు. ఆయన తన ఫోన్లో ఉన్న ఫొటో చూపించాడు. ఆ కాపీలతో ప్రతి పార్టీ, ప్రతి రేడియో స్టేషన్ సొంతంగా మొత్తం కట్టుకుంటాయి. అందుకే 2008లో నలభై వేల చిల్లర ఓట్ల తేడా వచ్చినా దేశం తట్టుకుంది. 2012 ఫలితం మీద కేసు వేస్తే సుప్రీంకోర్టు విచారణ అంతా టీవీలో చూపించారు. 2013లో తీర్పు వ్యతిరేకంగా వచ్చినప్పుడు అకూఫో-అడ్డో ఒప్పుకుని, 2016లో ఓట్లతోనే గెలిచాడు.

ఈసారి ఎన్నికల సంఘం ప్రకటించకముందే, మర్నాడు పొద్దున్నే ఓడిన అభ్యర్థి బవూమియా, గెలిచిన జాన్ మహామాకు ఫోన్ చేసి అభినందించాడు. "మా పింక్ షీట్లు మాకు అబద్ధం చెప్పవు కదా" అన్నాడు స్టోర్సాయన. ఓటమికి కారణం అడిగితే సూటిగా చెప్పాడు. 2022లో దేశం అప్పులు కట్టలేని స్థితికొచ్చింది, ధరలు ఏడాదిలో యాభై శాతం పైగా పెరిగాయి, 2023లో ఐఎంఎఫ్ దగ్గర మూడు వందల కోట్ల డాలర్లకు చెయ్యి చాపాల్సి వచ్చింది. ఆయన పేటలో సొంత పార్టీవాళ్లే చాలామంది ఓటుకు కదల్లేదట.

ఆయనకు ఓడిపోయామన్న బాధ కన్నా వేరే దిగులు ఎక్కువగా ఉంది. 276 సీట్ల పార్లమెంటులో గెలిచినవాళ్లకు 180కి పైగా వచ్చాయి. అంతకుముందు సభలో రెండు పార్టీలకూ చెరి 137, మధ్యలో ఒక్క స్వతంత్రుడు. బడ్జెట్ పాస్ కావాలంటే ప్రాణం పోయేది, సభలో కొట్టుకున్నంత పని కూడా అయింది. "అయినా అదే నయం. ఇప్పుడు గట్టిగా అడిగేవాడెవడు?" అన్నాడు. పక్కనే కూర్చున్న ఆయన స్నేహితుడు గెలిచిన పార్టీ మనిషి. అడగడానికి మేం లేమా అన్నాడు. మీరెందుకు అడుగుతారు, మీ ప్రభుత్వమే కదా అన్నాడీయన. ప్రా నది సంగతి అడుగుతాం అన్నాడు అతను. ఇద్దరూ గాలమ్సే మీద వాదనలో పడ్డారు. మా బావమరిది షిఫ్టుకు టైమైందని లేచినా ఆ వాదన ఆగలేదు.